ధ్రువహిమముపై పరుగు

మేనెల మధ్యాహ్నమున ఇబ్రహీంపట్నపు రహదారిపై రెండు మైళ్లు నడచుటయే సాహసముగా తోచును. పాదరసము నలువదియైదు డిగ్రీల దరిదాపుల నాడుచుండును. మన ప్రాంతమున మిక్కిలి చల్లని తావేది యనిన, గుంటూరు మిరపకాయలు నిలువచేయు శీతలగిడ్డంగులను చూపవలసియుండును. అవియును సాధారణముగా సున్న డిగ్రీలకు దిగవు. ఇట్టి కృష్ణాతీరమునుండి, భూగోళపు రెండు కొనలయందును మంచుమీద జరుగు పరుగుపందెములనుగూర్చి ప్రసంగించుట కొందరు పాఠకులకు వింతగా తోచవచ్చును. కాని యీ విషయమును మేము వినోదార్థము చేపట్టలేదు. తెలుగువారు అచ్చటికి పోయి పరుగెత్తి వచ్చినారు. వారి సాహసమును మనమెట్లు గ్రహింపవలెను? ఆ మంచుతో మనకేమి పని? ఈ రెండు ప్రశ్నలకును సమాధానము వెదకుట డెల్టావాసులకు కర్తవ్యమని మా తలంపు.

ముందుగా ఆ పందెముల స్వరూపమును చెప్పవలెను. ఐర్లండు దేశీయుడగు రిచర్డ్ డోనవన్ 2002లో రెండు ధ్రువములయందును మారథాన్ దూరమును, అనగా 42 కిలోమీటర్లకు పైబడిన దూరమును పరుగెత్తినాడు. 2003 నుండి ఉత్తరధ్రువమున అనేకులు పాల్గొను పందెము మొదలైనది. దక్షిణమున 2006 నుండి 80వ అక్షాంశపు దరిదాపున మరియొక పందెము జరుగుచున్నది. ఈ రెండవదానికి పోవువారు చిలీదేశపు కొసనున్న పుంటా అరేనాస్ నగరమునుండి విమానముపై యూనియన్ హిమానీనదమునకు చేరుదురు. ఉత్తరపు పందెమునకు నార్వే వారి స్వాల్‌బార్డ్ ద్వీపములనుండి, ఏప్రిల్ మాసమున తేలియాడు మంచుపలకపై వేయబడు బర్నేయో శిబిరమునకు పోవుట పరిపాటిగా నుండెను. అచ్చట కాలిక్రింద నేల లేదు. కొన్ని అడుగుల మందపు మంచు, దానిక్రింద నాలుగు వేల మీటర్ల లోతుగల సముద్రము. పరుగెత్తువాడు పరుగెత్తుచుండగనే బాటయంతయు ప్రవాహమున కొట్టుకొని పోవుచుండును. ధ్రువపు ఎలుగుబంట్ల భయముచేత చిన్న వలయమును మరల మరల చుట్టుటయేగాని దూరముగా పోవుటకు వీలులేదు. తుపాకులు ధరించినవారు కావలి యుందురు.

ఇట్టి చోట్లకు తెలుగువారు పోయినారా యన్నచో, పోయినారు. హైదరాబాదునందు ఔషధపరిశ్రమ నడపు చిగురుపాటి కృష్ణప్రసాదుగారును, వారి ధర్మపత్ని ఉమగారును ఏడు ఖండములయందును, ఉత్తరధ్రువమునందును మారథాన్ పరుగును పూర్తిచేసిన దంపతులు. పందెము కాకపోయినను, అంతకు తీసిపోని ఓర్పుతో ఆ మంచును త్రొక్కినవారు మరియిద్దరు కలరు. నెల్లూరు మండలమున గాంధీ జనసంఘమను పల్లెలో పేదకుటుంబమున 1974లో జన్మించిన మల్లి మస్తాన్‌బాబు, 2006 జనవరి 19న దక్షిణధ్రువఖండమునందలి విన్సన్ శిఖరమును అధిరోహించి, జులై 10న అలాస్కాలోని డెనాలి శిఖరమును చేరి, నూట డెబ్బదిరెండు దినములలో ఏడు ఖండముల ఉన్నతశిఖరములను ముగించినాడు. వారమునందలి ఏడు దినములలో ఒక్కొక్క దినమున ఒక్కొక్క శిఖరమును చేరునట్లు లెక్క కట్టుకొన్న ఆ యాత్ర కాలముతో వేసిన పందెమే గదా! ఆ వీరుడు 2015లో ఆండీస్ పర్వతములలో అసువులు బాసినాడు. నిజామాబాదు మండలము పాకాల గ్రామమున వ్యవసాయకూలీల యింట పుట్టి, సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలలో చదివిన మాలావత్ పూర్ణ, పదునాలుగేండ్లు నిండకముందే 2014లో ఎవరెస్టును, 2019 డిసెంబరులో విన్సన్‌ను ఎక్కినది. విన్సన్ శిఖరమును, పందెము జరుగు యూనియన్ హిమానీనదమును ఎల్స్‌వర్త్ పర్వతశ్రేణికి చెందినవే.

ఇచ్చట ఒక ఆక్షేపణ వచ్చును. ఒక్క పందెమునకు పదిలక్షల రూపాయలకు మించిన వ్యయమగును. ఊళ్లలో త్రాగునీటికి కటకటగా నుండగా, మంచుమీద పరుగెత్తి పతకము తెచ్చుకొనుట ధనికుల విలాసముకాదా యని ప్రశ్నించువారు కలరు. ఈ ప్రశ్న త్రోసిపుచ్చదగినది కాదు. కాని ధనముతో కొనదగినది పందెమున ప్రవేశము మాత్రమే. నలువదిరెండు కిలోమీటర్ల మంచును ధనము పరుగెత్తదు. మరియు మస్తాన్‌బాబు, పూర్ణల చరిత్రలు మనకు చూపుచున్నదేమనగా, ఓర్పు సంపన్నుల సొత్తు కాదు. దానికి ద్వారము తెరచు సంస్థలు కావలెను. ఒకరికి కోరుకొండ సైనికపాఠశాల, మరియొకరికి గురుకుల పాఠశాల ఆ ద్వారమును తెరచినవి. కావున మనము అడుగవలసినది ధనికుడు ఏల పోయెనని కాదు. పేదబిడ్డ ఏల పోలేకపోవుచున్నాడని.

ఈ పందెమునందలి ఓర్పు ఎట్టిదో గ్రహించినచో దాని విలువ మరింత తేటపడును. మంచుమీద పరుగెత్తువానికి మొదటి శత్రువు చలి యని మనమనుకొందుము. కాని అనుభవజ్ఞులు చెప్పునది వేరు. మొదటి శత్రువు చెమట. అత్యుత్సాహముతో వేగముగా పరుగెత్తినవాని ఒడలు చెమర్చును. ఆ తడి బట్టలయందు చేరి, అతడు ఏమాత్రము నెమ్మదించినను గడ్డకట్టి, ఒంటి వేడిని హరించును. పిమ్మట వ్రేళ్లకును ముక్కునకును మంచుకాటు తగులును. కావున అచ్చట గెలుపు తొందరపాటుగలవానిది కాదు. తన వేగమును తాను అణచుకొని, పొరలుగా ధరించిన వస్త్రములను వేళయెరిగి విప్పుచు తొడుగుచు పోవువానిది. నిగ్రహమే అచ్చటి బలము.

ఈ సత్యమునకు నూరేండ్లకు పూర్వమే మహత్తరమైన దృష్టాంతము కలదు. 1911లో నార్వే దేశీయుడు అముండ్‌సెన్, ఆంగ్లేయుడు స్కాట్ దక్షిణధ్రువమునకై పోటీపడినారు. అముండ్‌సెన్ నలుగురు సహచరులతో, ఏబదిరెండు కుక్కలతో బయలుదేరి, డిసెంబరు 14న ధ్రువమును చేరి, తొంబదితొమ్మిది దినములలో తన శిబిరమునకు సురక్షితముగా తిరిగివచ్చినాడు. స్కాట్ 1912 జనవరి 17న ధ్రువమును చేరునప్పటికి నార్వే పతాకము అచ్చట ఎగురుచుండెను. తిరుగుదారిలో అతని దళమునందలి ఐదుగురును మరణించినారు. స్కాట్ ధైర్యహీనుడా? కాదు. అతని ధైర్యమును లోకమంతయు కొనియాడినది. లోపము ఏర్పాటులలో నుండెను. ముందటి యేడు ఆహారపు నిలువను 80వ అక్షాంశమునొద్ద ఉంచదలచి, గుఱ్ఱములు అలసినందున సుమారు 57 కిలోమీటర్లు ఇవతలనే ఉంచిరి. కడపటి ముగ్గురును ప్రాణములు విడిచిన గుడారము ఆ నిలువకు 18 కిలోమీటర్ల దూరముననే యుండెను. నిలువ తలచినచోట నుండినచో దానిని వారు దాటియే వచ్చియుందురు. నేడు మారథాన్ జరుగుచున్నదియు ఆ 80వ అక్షాంశపు దరిదాపుననే. అచ్చట పరుగెత్తు ప్రతివాడును ఈ కథను మననము చేయవలెను.

కృష్ణాడెల్టా రైతునకు ఈ నీతి క్రొత్తది కాదు. కాలువకు నీరు విడుచునాటికి నారుమడి సిద్ధముగా లేనివాడు, తరువాత ఎంత శ్రమించినను ఆ యేటి అదను తిరిగిరాదు. వరద వచ్చినపిమ్మట కరకట్టకు మన్ను మోయువాడు వీరుడనిపించుకొనవచ్చును. వేసవియందే గండిని కనిపెట్టి పూడ్చినవాడు ఊరును రక్షించును. మొదటివానికి పూలదండలు వేయుదుము. రెండవవాని పేరైనను ఎవరికిని తెలియదు. ధ్రువములయందును, పొలములయందును సాహసముకంటె సన్నాహము గొప్పది. ఈ మాటను మరల చెప్పుటకు కారణము కలదు. ఏలయన, మంచుమీది పరుగునుండి మన గడపకు వచ్చు విషయము ఇచ్చటనే ప్రారంభమగుచున్నది.

ఆ పరుగుబాటయే నేడు సడలిపోవుచున్నది. 2016లో బర్నేయో శిబిరమునొద్ద విమానములు దిగు మంచుబాట పగుళ్లువారి, పందెము జాప్యమైనది. 2019లో విమానములపై వచ్చిన వివాదమువలనను, తరువాత అంటువ్యాధి, యుద్ధములవలనను శిబిరము వరుసగా నిలిచిపోయినది. వివాదములును యుద్ధములును ఒకనాటికి తీరవచ్చును. కాని మంచు మాట అట్టిది కాదు. ఉత్తరసముద్రపు మంచు ప్రతియేట సెప్టెంబరునందు అతిస్వల్పమగును. 2012 సెప్టెంబరునందు అది సుమారు 34 లక్షల చదరపు కిలోమీటర్లకు దిగి, ఉపగ్రహములు కొలుచుట మొదలిడిన నాటినుండి కనిష్ఠమైనది. 2023 ఫిబ్రవరిలో దక్షిణధ్రువఖండము చుట్టునున్న సముద్రపు మంచును అట్లే కనిష్ఠమునకు చేరినది.

ఇచ్చట ఒక భేదమును పాఠకులు గమనింపవలెను. ఉత్తరధ్రువపు మంచు సముద్రముపై తేలునది. గ్లాసులో తేలు మంచుముక్క కరగిన, గ్లాసులోని నీటిమట్టము పెరుగదు. అట్లే ఆ మంచు కరగుటవలన సముద్రము నేరుగా పొంగదు. కాని తెల్లని మంచు పోయినచోట నల్లని నీరు ఎండను పీల్చి, లోకమును మరింత వేడిచేయును. దక్షిణపు మంచు అట్లుకాదు. అది నేలపై, భారతదేశమునకు నాలుగు రెట్లకు మించిన ఖండముపై, సగటున రెండు కిలోమీటర్ల మందమున నిలిచిన రాశి. అది సముద్రమున పడినంతమేర సముద్రము పెరుగక తప్పదు. అదంతయు కరగుటకు వేలయేండ్లు పట్టవచ్చును. కాని అందు స్వల్పభాగము చాలును, డెల్టాలకు చేటు తెచ్చుటకు. 1901 మొదలు 2018 వరకు లోకమున సముద్రమట్టము సగటున ఇరువది సెంటీమీటర్లు పెరిగినదనియు, 2006 తరువాత ఏటికి 3.7 మిల్లీమీటర్ల చొప్పున పెరుగుచున్నదనియు 2021లో ప్రపంచశాస్త్రజ్ఞులసంఘము తేల్చినది. వేడెక్కిన నీరు వ్యాకోచించుటయు, నేలపై మంచు కరగుటయు ఇందులకు ముఖ్యకారణములు.

ఇక ఇబ్రహీంపట్నమునకు వత్తము. కృష్ణ యొడ్డున 1979లో మొదటి యంత్రముతో ప్రారంభమైన థర్మల్ విద్యుత్కేంద్రము నేడు 2,500 మెగావాట్లకు మించిన శక్తి గలది. సింగరేణి, ఒడిశా గనుల బొగ్గు అందు కాలుచున్నది. బొగ్గుతో తయారగు ఒక్కొక్క యూనిట్ విద్యుత్తునకు సుమారు ఒక కిలోగ్రాము బొగ్గుపులుసు వాయువు గాలిలో కలియును. 2016లో నోట్జ్, స్ట్రోవ్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు ఆ వాయువునకును ఉత్తరధ్రువపు మంచునకును గల సంబంధమును కొలిచి, ఒక్కొక్క టన్ను వాయువునకు సెప్టెంబరు మంచులో మూడు చదరపు మీటర్లు తరుగునని ప్రకటించినారు. ఇప్పుడు లెక్క వేయుడు. ఈ కేంద్రము 2,000 మెగావాట్ల చొప్పున నడచినచో గంటకు 20 లక్షల యూనిట్లు. సుమారు 2,000 టన్నుల వాయువు. 6,000 చదరపు మీటర్ల మంచు. అనగా గంటకు ఎకరమున్నర! భూమిని సెంట్లలో కొలిచి, గట్టు జరిగెనని కోర్టులకెక్కు మనము, గంటకు ఎకరమున్నర చొప్పున హరించుకొని పోవుచున్న ఈ క్షేత్రమునుగూర్చి ఒక్కనాడైనను తలంచితిమా?

ఇందులకు ఆ కేంద్రమును గాని, అందు పనిచేయువారిని గాని నిందించుట మా యుద్దేశము కాదు. ఆ విద్యుత్తే మన మోటారులను నడపినది, మన పట్టణములకు దీపమైనది, ఆసుపత్రులను నిలిపినది. అంతేకాదు, నూటయేబదియేండ్లుగా బొగ్గును కాల్చి సంపన్నములైన దేశములు నేడు మనకు ధర్మపన్నములు చెప్పుటను భారతీయుడెవడును ఊరక సహింపడు. మనదేశమున తలకు ఏడాదికి రెండు టన్నుల వాయువు వెలువడుచుండగా, అమెరికాయందు దానికి ఏడురెట్ల దరిదాపు వెలువడుచున్నది. న్యాయము మనపక్షమున నున్నది. దానిని గట్టిగా అడుగవలసినదే. కాని సముద్రము న్యాయస్థానము కాదు. పొగ ఎవరిదని అది అడుగదు. పల్లపునేల ఎవరిదో దానినే ముంచును.

మంచుపై పరుగెత్త పోవువారును ఈ లెక్కకు వెలుపల లేరు. హైదరాబాదునుండి ధ్రువమునకు పోయివచ్చు విమానయానము టన్నులకొలది వాయువును విడుచును. తాను త్రొక్కిన బాటలో కొంత భాగమును ఆ పరుగరి తానే కరగించి వచ్చుచున్నాడు. అందుచేత పోవద్దనుట మా మతము కాదు. పోయినవానికి ఋణమొకటి యేర్పడుచున్నదని చెప్పుటయే మా మతము. ఆ ఋణము పతకమును గోడకు తగిలించుటతో తీరదు. చూచినదానిని చూడలేనివారికి చెప్పుటతో తీరును. పగిలిన మంచును కన్నులార చూచిన తెలుగువాడు అవనిగడ్డ, నాగాయలంక పాఠశాలలలో నిలిచి నాలుగు మాటలు చెప్పినచో, వంద నివేదికలు చేయలేని పని జరుగును.

అవనిగడ్డ, నాగాయలంకల పేర్లు మేము ఊరక చెప్పలేదు. 1977 నవంబరు 19న దివిసీమపై విరుచుకుపడిన ఉప్పెన పదివేలమంది దరిదాపు ప్రాణములను బలిగొన్నది. ఆనాడు చూచినవారు నేటికిని ఆ రాత్రిని తలచుకొని వణకుదురు. సముద్రమట్టము ఒక జానెడు పెరిగిన, అట్టి ఉప్పెన మునుపటికంటె దూరము చొచ్చుకొని వచ్చును. వేరొక చేటును కలదు. ఎగువ ఆనకట్టలు కట్టిన తరువాత కృష్ణ తెచ్చు ఒండ్రు మిక్కిలి తగ్గినది. పూర్వము నది యేటేట క్రొత్తమన్ను పరచి డెల్టాను నిలుపుచుండెను. నేడు నేల దిగువనే యుండగా సముద్రము పైకి వచ్చుచున్నది. నదిలో నీరు సన్నగిల్లిన మాసములలో ఉప్పునీరు మురుగుకాలువలగుండ ఎదురెక్కి చేలకు చేరుట సముద్రతీరపు రైతులకు ఎరుకయే. ఇబ్రహీంపట్నము సముద్రమునకు దూరముగా ఎగువన నున్నది గదా యని నిబ్బరించుటకు వీలులేదు. తల యెగువ నున్నను పాదములు తడిసినప్పుడు దేహమంతటికిని జ్వరము వచ్చును.

కర్తవ్యమేమి? స్కాట్ నిలువను తలచినచోట ఉంచలేకపోయినట్లు, మనము మన నిలువలను ఇవతలనే విడిచిపెట్టరాదు. మొదటిది, సముద్రపు కరకట్టలను, మురుగుకాలువల తలుపులను వరద రాకముందే సరిచూచుట. రెండవది, కృష్ణ సంగమప్రాంతమున మిగిలిన మడ అడవులను చెఱువులకై నరకనీయకుండుట. ఉప్పెన వేగమును ఉచితముగా అణచు గోడ అదియొక్కటే. మూడవది, ఎండకు లోటులేని ఈ సీమలో ఇంటి కప్పులపైనను, మోటారు షెడ్లపైనను సూర్యవిద్యుత్తును తయారుచేసి, బొగ్గుపై భారమును క్రమముగా తగ్గించుట. నాలుగవది, మన యువకులను ధ్రువవిజ్ఞానమునకు పంపుట. మనదేశము 1982 జనవరిలో దక్షిణధ్రువఖండమున మొదటిసారి కాలుమోపినది. 1983లో మంచుపై కట్టిన దక్షిణ గంగోత్రి మంచులోనే పూడి విడువబడినను, 1989లో మైత్రియు, 2012లో భారతియు అచ్చట వెలసినవి. సముద్రముల తీరును కనిపెట్టి తుపాను, అలలనుగూర్చి మత్స్యకారులను హెచ్చరించు జాతీయకేంద్రము హైదరాబాదునందే కలదు. కృష్ణ, గుంటూరు మండలముల కళాశాలలనుండి ఎందరు విద్యార్థులు ఆ మార్గమును గూర్చి వినియున్నారు? ఊరి దేవాలయగోపురమునకు, జాతరపందెములకు ధారాళముగా విరాళములిచ్చు మన భూస్వాములు, పేదవిద్యార్థి యొకనిని ఆ దారిని పంపుటకు నిధి నొకదానిని ఏర్పరచినచో, ఆ కీర్తి తరములు నిలుచును.

ధ్రువహిమముపై పరుగెత్తిన తెలుగువారిని మేము మనసార అభినందించుచున్నాము. వారు మన జాతికి శరీరదార్ఢ్యము కొరవడలేదని నిరూపించినారు. కాని వారి పందెము కొన్ని గంటలలో ముగిసినది. గీత దాటగనే వారికి వెచ్చని గుడారము దొరికినది. మన పందెమునకు గీత కనబడుట లేదు. ఒకవైపు కరగుచున్న మంచు, మరియొకవైపు మన సన్నాహము. ఈ రెంటిలో ఏది ముందుగా గమ్యము చేరునో దానిపై దివిసీమ బిడ్డల భవిష్యత్తు ఆధారపడియున్నది. ఈ పరుగున తొందర పనికిరాదు, అలసత్వము అసలే పనికిరాదు. కొలిచి వేసిన అడుగు, నిగ్రహము, ముందుచూపు, ఇవియే మంచుబయలు నేర్పిన పాఠములు. ఆ పాఠములను నేర్చి వచ్చినవారు మనలోనే యున్నారు. వారిని పిలిచి వినుటకు మనమింకను జాగుచేయకుందుము గాక!